దరఖాస్తు చేయకపోవడమూ ఒక విద్యే

పీహెచ్‌డీలో చేరీ చేరకముందే పరిశోధక విద్యార్థి ఫోన్ ఫెలోషిప్ ప్రకటనలతో నిండిపోతుంది. డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సీనియర్లు పెట్టే లింకులు, యూట్యూబ్‌లో టాప్ టెన్ స్కాలర్‌షిప్పుల వీడియోలు, గైడ్ ఫార్వర్డ్ చేసిన ఈమెయిళ్లు. వాటికి తోడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: అన్నిటికీ పెట్టి చూడు, ఏదో ఒకటి తగలకపోదు. మహా అయితే రాదు, అంతేగా, పోయేదేముంది అనిపిస్తుంది. నిజానికి పోయేది చాలానే ఉంది. పోటీకి ఎవరెవరు వస్తారు, ఫైలు ఏ నిపుణుడి చేతికి వెళ్తుంది, ఆ ఏడాది నిధులెన్ని అన్నవేవీ అభ్యర్థి చేతిలో ఉండవు. దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా అభ్యర్థిదే. చిత్రంగా మనవాళ్లు అన్నిటికంటే తక్కువ సమయం ఇచ్చేది ఆ నిర్ణయానికే. మొత్తం ఎంతో చూస్తారు, గడువెప్పుడో చూస్తారు, రాయడానికి కూర్చుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందని, డబ్బు సంగతి చివర చూడాల్సిందని చెప్పడానికి ఆధారాలు బోలెడు.

ముందు ఖర్చు లెక్క చూద్దాం. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలికి 2012లో 3,727 ప్రతిపాదనలు వెళ్లాయి. వాటిని రాయడానికి శాస్త్రవేత్తలకు ఎంత కాలం పట్టిందో ఒక బృందం లెక్కగట్టి 2013లో ప్రచురించింది. అందరిదీ కలిపితే సుమారు 550 పని సంవత్సరాలు! కొత్తగా రాసిన ఒక్కో ప్రతిపాదనకు సగటున 38 పనిదినాలు పట్టాయి. నిధులు దక్కింది 20.5 శాతానికి. అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి, ఎక్కువ రోజులు కూర్చుని రాసినందువల్ల అవకాశం పెరిగిన దాఖలా ఆ అధ్యయనంలో కనిపించలేదు. అవి పెద్ద గ్రాంట్లు, మన విద్యార్థి పెట్టే దరఖాస్తు అంత పొడుగుండదు, నిజమే. అయితే ఇక్కడి ఖర్చులు వేరే రూపంలో ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్టుల కోసం ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరగాలి, ఇంగ్లిష్ పరీక్ష ఫీజు కట్టాలి, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లను రికమండేషన్ లెటర్ అడగాలి. ఈ చివరిది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మొదటి రెండు మూడు ఉత్తరాలు ఆ ప్రొఫెసర్ శ్రద్ధగా రాస్తారు. పదోదానికి వచ్చేసరికి పాత ఉత్తరంలో పేరూ తేదీ మార్చి పంపుతారు. ఒక్కోసారి వెనకటి సంస్థ పేరు అలాగే ఉండిపోతుంది కూడా. అన్నిటికీ పెట్టినవాళ్లు అసలు సరిపోయేదాని దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రొఫెసర్ల మంచితనాన్ని ఖర్చుపెట్టేసి ఉంటారు.

ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు ప్రతిభను చూసి బహుమతి ఇస్తున్నారన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. స్కూల్లో ఫస్టొచ్చినవాళ్లకు కప్పు ఇచ్చినట్టు అనుకుంటాం. కానీ ఆ డబ్బు ఏదో ఒక పని జరగాలని ఇస్తున్న డబ్బు. బ్రిటన్ ప్రభుత్వపు చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ రేపటి నాయకుల కోసం వెతుకుతుంది. అందుకే రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది, నాయకత్వం మీద, పరిచయాలు పెంచుకోవడం మీద వ్యాసాలు రాయిస్తుంది, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటుంది. ఇచ్చేది ఏడాది మాస్టర్స్‌కే, పీహెచ్‌డీకి కాదు. యూనివర్సిటీ గోల్డ్ మెడల్ ఉన్నా లాబ్ తప్ప లోకం తెలియని విద్యార్థికి అక్కడ పెద్దగా విలువ రాదు. అదే దేశపు కామన్వెల్త్ స్కాలర్‌షిప్ 1959 నుంచి ఉంది, దాని చూపు అభివృద్ధి మీద. మీ పరిశోధన వల్ల మీ దేశంలో ఎవరికి ఏం మేలు జరుగుతుందన్నది అక్కడ అలంకారం కోసం అడిగే ప్రశ్న కాదు, మార్కులు పడే ప్రశ్న. భారత్, అమెరికాల మధ్య 1950లో కుదిరిన ఒప్పందం మీద నడిచే ఫుల్‌బ్రైట్‌ది ఇంకో దారి. అందులో డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా పంపుతుంది, అంతే. అక్కడ డిగ్రీ చేయాలనుకునేవాళ్లకు దాంతో పనిలేదు. పేర్లూ మోసం చేస్తాయి. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్‌ది స్కాలర్‌షిప్పే, కాకపోతే లోన్ స్కాలర్‌షిప్, అంటే తిరిగి కట్టాల్సిన డబ్బు. మంచి అప్పే, కానీ అప్పు అప్పే.

ఇచ్చేవాడి మనసు తెలుసుకోవడానికి వెబ్‌సైట్‌లో మొదటి పేజీ చదివితే చాలదు. అక్కడ అందరూ ఒకే మాటలు రాస్తారు. శ్రేష్ఠత, నవ్యత, సమాజ హితం అని లేని ప్రకటన ఉండదు. అసలు సమాచారం గతంలో ఎవరికిచ్చారన్న జాబితాలో ఉంటుంది. హైదరాబాద్ కేంద్రంగా 2008 నుంచి నడుస్తున్న డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ తన ఫెలోల పేర్లు, పరిశోధనాంశాలు వెబ్‌సైట్‌లో పెడుతుంది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే పరిశోధన గ్రాంట్ల వివరాలు కోర్డిస్ అనే డేటాబేస్‌లో దొరుకుతాయి. ఒక గంట కూర్చుని గత మూడేళ్ల జాబితా చదివితే చాలు, మన అంశం ఆ వరుసలో ఇముడుతుందో లేదో తెలిసిపోతుంది. ఎక్కువమందికి తట్టని దారి ఇంకొకటుంది. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా చదవొచ్చు. మీ అంశానికి దగ్గరగా ఉన్న అయిదారు థీసిస్‌లు తెరిచి కృతజ్ఞతల పేజీ చదవండి. తల్లిదండ్రులకు, గైడ్‌కు, హాస్టల్ మిత్రులకు వందనాలు అయ్యాక ఒక వాక్యం ఉంటుంది: ఫలానా సంస్థ ఆర్థిక సహాయంతో ఈ పరిశోధన సాధ్యమైందని. ఆర్కైవ్‌ల కోసం లండన్ వెళ్లడానికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ సాయం చేస్తుందని, కళలు, వారసత్వం, మానవీయ శాస్త్రాలవాళ్లకే ఆ సాయమని ఇలాంటి పేజీల్లోనే మొదటిసారి తెలుస్తుంది. ఆ పేర్లు ఏ టాప్ టెన్ వీడియోలోనూ రావు. వాటికి పోటీ తక్కువగా ఉండడానికీ అదే కారణం కావచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. ఎంచుకోవడానికి మాకేమున్నాయి? ఉన్నది ఒక్కటే ద్వారం, అది యూజీసీ నెట్ పరీక్ష. ఇందులో నిజం చాలానే ఉంది. 2024 జూన్ నెట్ రాసినవాళ్లు 6,84,224 మంది, వాళ్లలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చింది 4,970 మందికి. అంటే వెయ్యికి ఏడుగురు. అదీ జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేసి మళ్లీ పెట్టిన తర్వాత. వచ్చినవాళ్లకు నెలకు 37,000 రూపాయలు, రాని మిగతావాళ్లకు దారేది? కానీ సరిగ్గా ఈ కారణంగానే ఎంపికను నెట్ కంటే ముందుకు జరపాలి. మన దగ్గర ఏ విశ్వవిద్యాలయంలో చేరుతున్నామన్నది సగం ఫెలోషిప్ నిర్ణయమే. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు జేఆర్‌ఎఫ్ లేకపోయినా నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంటుంది. 2012లో ఖరారైన ఆ మొత్తం ఏళ్ల తరబడి కదల్లేదు. 2015లో దాన్నీ ఎత్తేయబోతే దేశమంతా విద్యార్థులు రోడ్డెక్కి నిలబెట్టుకున్నారు. అది చాలదు, సరే. కానీ హైదరాబాద్‌లోనే కేంద్రీయ విశ్వవిద్యాలయాలైన హెచ్‌సీయూ, ఇఫ్లూ, మనూలలో ఉన్న ఆ సదుపాయం ఉస్మానియాలో, కాకతీయలో, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో లేదు, ఎందుకంటే అవి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. ఐఐటీలో అర్హతతో చేరితే జేఆర్‌ఎఫ్ స్థాయి స్టైపెండ్ సంస్థే ఇస్తుంది. ఇంటికి దగ్గరని, తెలిసిన గైడ్ ఉన్నారని చేరిపోయి, తర్వాత అయిదేళ్లు ఫెలోషిప్ కోసం వెతుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది.

నెట్‌తో పనిలేని దారులూ ఉన్నాయి. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. వాటికి చూసేది పీజీ మార్కులు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగపు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ సైన్స్ పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్లకు అందుతుంది. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 70,000తో మొదలై 80,000 దాకా వెళ్తుంది, అయితే ఎంపిక చేసిన సంస్థల్లో, సైన్స్ టెక్నాలజీ అంశాల్లో చేరినవాళ్లకు మాత్రమే. సోషల్ సైన్స్ వాళ్లకు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) ఉంది, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. నెట్‌లోనైనా, దాని బయటైనా అందరినీ దెబ్బకొట్టేది అర్హత నిబంధన. ఒక్క ఉదాహరణ చాలు. మీసేవలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్‌ను నమ్ముకుని ఓబీసీ కోటాలో దరఖాస్తు పెట్టేవాళ్లు ఎందరో. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఉన్నా, కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి, దాని తేదీ కూడా చూస్తారు. జేఆర్‌ఎఫ్‌కు ముప్పై ఏళ్ల వయోపరిమితి దాటినవాళ్లు ఆ కోటా ఇచ్చే అయిదేళ్ల సడలింపు మీద ఆశపెట్టుకుని ఉంటే, ఈ కాగితం దగ్గరే కథ ముగుస్తుంది. ఏడాది చదివిన చదువు కంటే ముందు చదవాల్సిన పేజీ అది.

రెండో అభ్యంతరం బలమైనది, శాస్త్రీయమైనది కూడా. ఎంపిక అంతా లాటరీ అయినప్పుడు ఎక్కువ టికెట్లు కొనడమే కదా తెలివి? లాటరీ అన్న మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో ఒక బృందం 43 మంది నిపుణులకు అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలకు వచ్చిన 25 ప్రతిపాదనలు ఇచ్చి మార్కులు వేయించింది. ఒకే ప్రతిపాదన మీద నిపుణుల మధ్య ఏకాభిప్రాయం దాదాపు శూన్యమని 2018లో తేల్చింది. ఇది చదివినవాళ్లు అంతా అదృష్టమే అని చేతులెత్తేస్తారు. కానీ ఆ 25 ప్రతిపాదనలు ఎలాంటివో చూడాలి. అవన్నీ చివరికి నిధులు తెచ్చుకున్నవే, కొన్ని మొదటిసారి, కొన్ని సరిదిద్ది మళ్లీ పంపినప్పుడు. అంటే మంచివాటిలో ఏది మరింత మంచిదో నిపుణులు చెప్పలేరని తేలింది గానీ, సరిపోనిదాన్ని పక్కన పెట్టలేరని తేలలేదు. అదృష్టం పనిచేసేది చివరి గుంపులో. ఆ గుంపులోకి వెళ్లేది నిబంధనకూ, ఉద్దేశానికీ సరిపోయిన దరఖాస్తు మాత్రమే. కనుక ఈ అభ్యంతరంలో సగం ఒప్పుకోవాలి. ఒకే ఒక్క ఫెలోషిప్ మీద ఆశలన్నీ పెట్టుకోవడం తెలివితక్కువే. ఒకే ప్రతిపాదనను కొద్దిపాటి మార్పులతో పంపగలిగిన మూడు నాలుగు చోట్లు వెతుక్కోవాలి. ఒక్కోదానికి కొత్తగా మొదలుపెట్టి రాయాల్సిన పదిహేను చోట్లకు పంపితే మాత్రం, టికెట్ కొన్నట్టు కాదు, నెలల కొద్దీ జీతం లేకుండా పనిచేసినట్టు.

ఎన్నిటికి పెట్టాలన్నదే కాదు, ఏ వరుసలో పెట్టాలన్నదీ ముఖ్యమే. ముందు చిన్నవాటికి పెట్టాలనడానికి ఒక ఆధారం నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. అక్కడ కొత్తగా పీహెచ్‌డీ పొందినవాళ్లకు వేనీ అనే గ్రాంటు ఉంది. కటాఫ్‌కు కాస్త పైన ఉండి గెలిచినవాళ్లను, కాస్త కింద ఉండి ఓడినవాళ్లను పోల్చి 2018లో ఒక అధ్యయనం వచ్చింది. మార్కుల్లో తేడా దాదాపు లేదు. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో గెలిచినవాళ్లకు వచ్చిన నిధులు ఓడినవాళ్ల నిధులకు రెండింతలకు పైనే. ఒకసారి గెలిచినవాళ్లను చూసి తర్వాతివాళ్లూ ఇవ్వడం ఒక కారణం. ఓడినవాళ్లు దరఖాస్తు పెట్టడమే తగ్గించుకోవడం ఇంకో కారణం. ఉన్నవాడికే ఇంకా వస్తుందని దీన్ని తిట్టుకోవచ్చు, అది న్యాయమైన కోపమే. ఆ అన్యాయాన్ని ఒక విద్యార్థి మార్చలేకపోయినా తనకు పనికొచ్చేలా వాడుకోగలరు. కాన్ఫరెన్సుకు ప్రయాణ ఖర్చులిచ్చే చిన్న గ్రాంటు, ఒక నెల ఆర్కైవ్ ఫెలోషిప్, అంతర్జాతీయ సదస్సు బర్సరీ లాంటివి సీవీలో పడితే పెద్ద దరఖాస్తు చూసే చూపు మారుతుంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అయితే ప్రతిపాదనను భారతీయ భాషల్లో దేనిలోనైనా రాయనిస్తుంది. తోలుబొమ్మలాట మీదో, సురభి నాటకం మీదో పనిచేసేవాళ్లు తెలుగులోనే రాసుకోవచ్చు. దీనికి భిన్నంగా, యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్పులకు 2024లో 10,360 దరఖాస్తులు వస్తే ఎంపికైనవి 1,696. అక్కడ తొందరపడి పంపితే ఇంకో నష్టం కూడా ఉంది. నిర్ణీత మార్కులు రాకపోతే మరుసటి ఏడాది అదే సంస్థతో కలిసి మళ్లీ పెట్టే వీలుండదు. చూద్దాం పోనీ అని పంపిన దరఖాస్తు నిజంగా సిద్ధమైన ఏడాదిని తినేస్తుంది.

పలుకుబడి ఉన్నవాళ్లకే వస్తాయి, మనం ఎంత చదివి ఎంచుకున్నా ఏం లాభం అనేవాళ్లకు సమాధానం పొడుగు అక్కర్లేదు. పెద్ద నగరాల్లో, పెద్ద సంస్థల్లో చదివినవాళ్లకు ఈ ప్రకటనలను ఎలా చదవాలో చెప్పే సీనియర్లు ఉంటారు, జిల్లా యూనివర్సిటీలో ఉండరు. తేడా ఎక్కువగా ఉన్నది అక్కడే. గత విజేతల జాబితా, అర్హత నిబంధన, అడిగే ప్రశ్నలు మాత్రం అందరికీ తెరిచే ఉన్నాయి. వాటిని చదివిపెడతామని వేలకు వేలు తీసుకునే కన్సల్టెన్సీల దగ్గరికి పోవాల్సిన పనిలేదు. ఎంపికయ్యారు, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే ఆ సంస్థను నమ్మాల్సిన పని అసలే లేదు.

డబ్బు ఎంత అన్నదానికంటే ఎలా చేతికందుతుంది అన్నది కూడా ఎంపికలో భాగమే. యూజీసీ జేఆర్‌ఎఫ్ డబ్బు కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా వస్తుంది. దానికి ప్రతి నెలా విశ్వవిద్యాలయంలో మేకర్ అనే ఉద్యోగి ఒకరు వివరాలు నమోదు చేయాలి, చెకర్ అనే ఇంకొకరు ధ్రువీకరించాలి. ఆ ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా ఆ నెల మెస్ బిల్లు అప్పులోకి వెళ్తుంది. పథకాలే మాయమవుతాయి కూడా. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు కేంద్రం పార్లమెంటులో ప్రకటించింది. దాన్నే నమ్ముకుని పీజీ చదువుతున్నవాళ్ల లెక్కలన్నీ ఒక్క రోజులో తప్పాయి. ఏ డబ్బు చట్టం మీద నడుస్తోంది, ఏది ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వు మీద నడుస్తోంది, ఏది ట్రస్టు మూలధనం వడ్డీ మీద నడుస్తోంది అని చూడడం విద్యార్థికి అతిగా అనిపించవచ్చు. అయిదేళ్ల జీవితాన్ని దాని మీద నిలబెడుతున్నప్పుడు అది అతి కాదు.

చివరి అభ్యంతరం ఆత్మగౌరవం ఉన్న పరిశోధకులది. ఇచ్చేవాడి ఉద్దేశం చూసి ఎంచుకోమంటే, వాడికి నచ్చే అంశం మీద పరిశోధన చేయమనేగా? ఇందులో ప్రమాదం లేదని ఎవరూ అనలేరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులను విదేశాలకు పంపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనం మీద చదవబోయేవాళ్లకు ఇవ్వబోమంది. కులం మీద పరిశోధన చేయాలనుకున్న దళిత విద్యార్థికి ఇది తలుపు మూసినట్టే, ఆ నిబంధనను తప్పుపట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఉద్దేశం చదవకుండా పెట్టేవాళ్లే అంశాన్ని మార్చుకోవాల్సి వస్తుంది. గడువు ముంచుకొచ్చాక నిబంధన కనపడితే ఇక మిగిలేది అంశాన్ని వంచడం ఒక్కటే కదా. ముందే చదివినవాళ్లు అంశాన్ని ఉంచుకుని దాతను మారుస్తారు. భూమిలేని కుటుంబాల చరిత్ర మీద పనిచేయాలనుకునే పేద విద్యార్థికి ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది. అది ఆర్థికంగా వెనకబడిన భారతీయ విద్యార్థులను ఆక్స్‌ఫర్డ్‌కు, రీడింగ్‌కు, లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌కు పంపుతుంది. ఆ మూడోది ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల కోసమే పుట్టిన సంస్థ, అక్కడ భారత సమాజం మీద పరిశోధన అంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. కాకపోతే విశ్వవిద్యాలయంలో సీటుకు విడిగా దరఖాస్తు పెట్టాలి, స్కాలర్‌షిప్ ప్రకటన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు ముందే దాటిపోవచ్చు.